పత్తి చెక్క బర్రెలకు విషమా? పాలు తగ్గినప్పుడు, దూడ పోయినప్పుడు దాణాలో ఏం చూడాలి

తమ్ముడూ, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. తర్వాత చదివేవాళ్లకు కూడా తెలియాలి కాబట్టి క్లుప్తంగా మళ్లీ రాస్తున్నా. మీది మహారాష్ట్రలో యవత్మాల్ జిల్లా పాటన్‌బోరి దగ్గరి ఊరు. ఐదు పాడి బర్రెలు, రెండు దుడ్డెలు. ధర తక్కువని వానాకాలం మొదట్లో పది సంచుల పత్తి చెక్క (పత్తి గింజల నుంచి నూనె తీశాక మిగిలేది) కొని రేకుల షెడ్డులో నేల మీదే పెట్టారు. ఇరవై రోజులుగా పాలు తగ్గాయి, ఎనిమిది లీటర్ల బర్రె ఐదున్నరకు వచ్చింది. చెక్క నానబెట్టిన నీళ్లు రెండు నెలలుగా తాగుతున్న మూడు నెలల దుడ్డె వారం కింద ఆయాసపడి చనిపోయింది. ఊళ్లో వాళ్లు పత్తి చెక్కే విషం, ఆపేయమంటున్నారు. షాపు ఆయన ఏదో పౌడర్ కలపమంటున్నాడు. ఏం చేయాలని అడిగారు.

సూటిగా చెప్తాను. పెద్ద బర్రెకు మంచి పత్తి చెక్క విషం కాదు. మూడు నెలల దూడకు మాత్రం అది పెట్టకూడదు. మీ షెడ్డులో ఉన్నది ఇప్పుడు మంచి చెక్క అని నాకు అనిపించడం లేదు. ఈ పూట నుంచే ఆ సంచులు ఆపండి. చెక్క పెట్టడం శాశ్వతంగా మానాల్సిన పని లేదు.

నేను ఆదిలాబాద్ జిల్లాలో, ఎక్కువగా జైనథ్, బేల మండలాల్లో, పశువైద్య శాఖలో 31 ఏళ్లు పని చేశాను. డాక్టర్ని కాను, డాక్టర్ల పక్కన నిలబడి పని చేసినవాణ్ని. ఇప్పుడు ఇంట్లో ఆరు బర్రెలున్నాయి. వాటికి ఈ రోజు పొద్దున కూడా పత్తి చెక్క పెట్టాను.

ముందు దూడ సంగతి. పత్తి గింజ పప్పును అడ్డంగా కోసి చూస్తే చిన్న నల్లటి చుక్కలు కనిపిస్తాయి. వాటిలో గాసిపాల్ అనే పసుపు రంగు పదార్థం ఉంటుంది. పురుగుల నుంచి కాపాడుకోవడానికి పత్తి మొక్క దాన్ని తయారు చేసుకుంటుంది. పెద్ద బర్రె మొదటి పొట్టలో కోట్ల సూక్ష్మజీవులు ఉంటాయి కదా, అక్కడ ఈ గాసిపాల్ ప్రొటీన్‌కు అతుక్కుపోయి చాలావరకు పనికిరాకుండా పోతుంది. నూనె తీసేటప్పుడు తగిలే వేడికి కూడా కొంత అలాగే అణిగిపోతుంది. అందుకే నూనె తీయని పచ్చి గింజలో గాసిపాల్ బలం ఎక్కువ, చెక్కలో తక్కువ.

దూడకు ఆ పొట్ట ఇంకా పూర్తిగా తయారు కాలేదు. పాలు తాగే వయసులో దాని కడుపు మన కడుపులాగే పని చేస్తుంది. గాసిపాల్ నేరుగా రక్తంలోకి వెళ్తుంది, వారాల తరబడి పేరుకుంటుంది, గుండె కండరాన్ని, కాలేయాన్ని దెబ్బ తీస్తుంది. పైకి ఏమీ తెలియదు. దూడ కాస్త మందంగా ఉంటుంది, వెంట్రుకలు గరుకుగా లేస్తాయి. ఒక రోజు ఆయాసం మొదలవుతుంది, అంతే. కోసి చూస్తే ఛాతీలో నీరు నిండి ఉంటుంది. మీ దుడ్డెను కోసి చూడలేదు కాబట్టి కారణం ఇదేనని ఖాయం చేయలేం, ఊపిరితిత్తుల జ్వరం కూడా ఇలాగే చంపుతుంది. కానీ రెండు నెలలు చెక్క నీళ్లు తాగించారన్న మాట చదవగానే నాకు గుండె కలుక్కుమంది. మా అమ్మ కూడా ప్రేమతోనే అలా పోసేది. "తల్లి తింటోంది కదా, పిల్లకు కూడా బలం" అనేది. ఉద్యోగంలో చేరిన మూడో ఏడు మా ఇంట్లోనే అలా ఒక లేగను పోగొట్టుకున్నాం. అప్పటికి నాకూ సరిగా తెలియదు. మీరు కావాలని చేసింది కాదు, అంత బాధ పెట్టుకోకండి. రెండో దుడ్డెకు మాత్రం ఇప్పుడే ఆపండి. నాలుగు నెలలు నిండేదాకా పత్తి చెక్క వద్దు, ఆ తర్వాత కూడా ఆరు నెలల వరకు పిడికెడే. దానికి పాలు, నలగ్గొట్టిన మక్కలు, సోయా చెక్క, లేత గడ్డి చాలు.

ఇంట్లో కోళ్లుంటే వాటికీ పత్తి చెక్క వేయకండి. గుడ్డు సొన రంగు మారిపోతుంది. పందులకు ఇంకా ప్రమాదం. విత్తనపు దున్నపోతుకో ఎద్దుకో ఎక్కువ మోతాదులో ఏళ్ల తరబడి పెడితే వీర్యం నాణ్యత పడిపోతుంది. పాడి బర్రెకు రోజుకు రెండు కిలోలు దాటకుండా పెడితే భయం లేదు.

మన ప్రాంతంలో దీన్ని తరాలుగా మేపుతున్నారు. మనం పత్తి చెక్క అంటాం, మీ వైపు సర్కీ ఢేప్ అంటారు. ధర అకోలా మార్కెట్‌ను బట్టి కదులుతుంది. ఇది మేపిన బర్రెల నెయ్యి గుణమే వేరుగా ఉంటుందని, నెయ్యి నాణ్యత ప్రమాణాల్లో పత్తి ప్రాంతాలకు ప్రత్యేకంగా వేరే లెక్క పెట్టారు. అంత పాత అలవాటు ఇది. విషమే అయితే విదర్భలో ఒక్క బర్రె మిగిలేది కాదు.

ఇప్పుడు మీ అసలు సమస్యకు వస్తాను. పెద్ద బర్రెల పాలు ఎందుకు తగ్గాయి? నా అనుమానం బూజు మీద. వానాకాలం, రేకుల షెడ్డు, నేల మీద సంచులు, పైగా తక్కువ ధర. ఈ నాలుగూ కలిసిన చోట నేను ప్రతిసారీ బూజే చూశాను.

చెక్కలో తేమ పది, పన్నెండు శాతం దాటితే ఆస్పర్జిల్లస్ అనే బూజు పడుతుంది. అది అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని వదులుతుంది. ఈ విషం లోకానికి తెలిసిందే పశువుల దాణా వల్ల. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోయాయి. ఏ రోగమో తెలియక మొదట దానికి పేరు కూడా సరిగా పెట్టలేకపోయారు. చివరికి చూస్తే బ్రెజిల్ నుంచి వచ్చిన బూజు పట్టిన పల్లి చెక్క. మన దేశంలో 1974లో గుజరాత్, రాజస్థాన్ సరిహద్దు పల్లెల్లో వానకు తడిసిన మక్కలు తిని వంద మందికి పైగా మనుషులే చనిపోయారు. అక్కడ అదే తిండి తిన్న కుక్కలు కూడా పోయాయి.

పశువులో ఇది ముందు కాలేయాన్ని పట్టుకుంటుంది. మేత తగ్గుతుంది, పాలు తగ్గుతాయి, పొదుగు వాపు మాటిమాటికీ వస్తుంది, సరిగా ఎదకు రాదు, చూలు నిలవదు. జ్వరం ఉండదు. అందుకే రైతు డాక్టర్‌కి చూపించడు, షాపు ఆయన ఇచ్చిన టానిక్ పోస్తాడు.

ఇంకో మాట, ఇది మీ ఇంటి పిల్లల గురించి. బర్రె తిన్న ఈ విషంలో కొంత భాగం, సుమారు ఒకటి రెండు శాతం, వేరే రూపంలో పాలలోకి వస్తుంది. దాన్ని అఫ్లాటాక్సిన్ ఎం1 అంటారు. పాలు ఎంత మరిగించినా పోదు. దాణాలో కిలోకు 20 మైక్రోగ్రాములు దాటకూడదని, పాలలో కిలోకు అర మైక్రోగ్రాము దాటకూడదని మన దేశపు నిబంధనలు. ఉదాహరణకు కిలోకు 200 మైక్రోగ్రాముల విషం ఉన్న చెక్క రోజుకు మూడు కిలోలు పెట్టామనుకోండి. బర్రె లోపలికి 600 వెళ్తుంది. రెండు శాతం అంటే 12 పాలలోకి. ఆ రోజు ఆరు లీటర్లు ఇస్తే లీటరుకు రెండు. అంటే పరిమితికి నాలుగు రెట్లు, అదీ పిల్లలు తాగే పాలలో. ఊరట ఏమిటంటే, ఆ దాణా ఆపిన మూడు నాలుగు రోజుల్లో పాలలో దాని జాడ బాగా తగ్గిపోతుంది. అందుకే ఈ పూటే ఆపమన్నది.

"బూజు దులిపి ఎండబెట్టి పెడితే?" అని అడుగుతారు, ప్రతి ఒక్కరూ అడిగారు నన్ను. ఎండకు తేమ పోతుంది, విషం పోదు. ఉడకబెట్టినా పోదు. పైన బూజు కనిపించకపోయినా లోపల ఉండొచ్చు. చెక్క ముక్క విరిచి చూడండి. లోపల ఆకుపచ్చగా, నల్లగా గీతలుంటే, ముక్కు దగ్గర పెడితే పాత గోనె వాసన వస్తే, సంచిలో చేయి పెడితే వెచ్చగా తగిలితే అది దాణా కాదు. మంచి చెక్క విరిగితే పటుక్కుమంటుంది, నూనె వాసన వస్తుంది. నలిపితే చేతికి జిడ్డు తగులుతుంది.

పన్నెండేళ్ల కింద ఒకే వానాకాలంలో మా మూడు ఊళ్లలో నలభై బర్రెల దాకా పాలు పడిపోయాయి. అందరూ గాలికుంటు అనుకున్నారు. నోట్లో పుళ్లు లేవు, గిట్టల మధ్య పుళ్లు లేవు. మా డాక్టర్ గారు ఇంటింటికీ తిరిగి ఒక్కటే అడిగారు, దాణా ఎక్కడ కొన్నారని. అందరూ ఒకే షాపు. పోయిన ఏటి పల్లి చెక్కను కొత్తదానిలో కలిపి అమ్మారు. ఆపించిన పదిహేను రోజులకు చాలా బర్రెలు తేరుకున్నాయి. చూలు పోయిన రెండింటి నష్టం మాత్రం ఎవరూ తీర్చలేదు.

షాపు ఆయన కలపమన్న పౌడర్ బహుశా టాక్సిన్ బైండర్ అయి ఉంటుంది. బెంటోనైట్ మట్టి, ఈస్ట్ కణాల గోడలతో చేస్తారు. విషాన్ని పేగుల్లోనే పట్టుకుని పేడలో బయటకు పంపుతుంది. మంచి వస్తువే. వానాకాలంలో కాస్త అనుమానం ఉన్న దాణాకు ప్యాకెట్ మీద రాసిన మోతాదులో వాడండి. కానీ ఆకుపచ్చగా బూజు పట్టిన చెక్కను అది మంచి చెక్కగా మార్చలేదు.

మిగతా కలిపేవాటి గురించి కూడా అడిగారు, త్వరగా చెప్పేస్తాను. మినరల్ మిక్చర్ రోజుకు 50 గ్రాములు, పాలు ఎక్కువ ఇచ్చేదానికి ఇంకొంచెం, ఉప్పు 30 గ్రాములు, ఈ రెండూ తప్పనిసరి. మిగతావన్నీ వీటి తర్వాతే. బైపాస్ ఫ్యాట్ (మొదటి పొట్టలో కరగకుండా పేగులకు చేరే కొవ్వు) పది లీటర్లు దాటిన బర్రెకు, ఈనిన మొదటి రెండు మూడు నెలల్లో పనికొస్తుంది, మీ బర్రెలకు ఇప్పుడు దండగ. తినే సోడా దాణా ఎక్కువ తినే బర్రెకు పొట్టలో పులుపు తగ్గిస్తుంది. పేరు లేని, లోపల ఏముందో రాయని "పాలు పెంచే పౌడర్" ఎంత చవకగా ఇచ్చినా తీసుకోకండి. కోళ్ల దాణా మిగిలిందని బర్రెకు పెట్టకండి. కోళ్లకు కలిపే కొన్ని మందులు వేరే పశువులను చంపుతాయి. గుర్రానికైతే కొంచెం చాలు.

యూరియా గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే అది మీకు తెలియకుండానే మీ దాణాలో ఉండొచ్చు. సంచి మీద "ప్రొటీన్ 22 శాతం" అని రాస్తారు కదా, ల్యాబ్‌లో నేరుగా ప్రొటీన్‌ను కొలవరు. నైట్రోజన్ కొలిచి 6.25తో హెచ్చిస్తారు. యూరియాలో 46 శాతం నైట్రోజన్. అంటే కాగితం మీద యూరియా 287 శాతం ప్రొటీన్! పొట్టు, ఊక, ఇసుక కలిపి, గుప్పెడు యూరియా చల్లితే పరీక్షలో మంచి దాణా అయిపోతుంది. 2008లో చైనాలో పిల్లల పాలపొడిలో మెలమిన్ కలిపింది కూడా ఇదే లెక్కతో. ఇంట్లో ఒక చిన్న పరీక్ష ఉంది. గుప్పెడు దాణాను గోరువెచ్చని నీళ్లలో వేసి, రెండు చెంచాల పచ్చి సోయా పిండి కలిపి, మూత పెట్టి అరగంట ఉంచండి. మూత తీయగానే ముక్కుకు ఘాటుగా అమ్మోనియా కొడితే యూరియా ఉన్నట్టు. సోయాలోని ఎంజైమ్ దాన్ని విడగొడుతుంది. ల్యాబ్ పరీక్షకు ఇది సాటి రాదు, అనుమానం తీర్చుకోవడానికి చాలు. పచ్చి సోయా గింజలను, యూరియా ఉన్న దాణాను ఎప్పుడూ కలిపి మేపకూడదనడానికి కారణం కూడా ఇదే. మన దగ్గర సోయా పంట ఎక్కువ కాబట్టి చెప్తున్నా.

యూరియాతో గడ్డిని శుద్ధి చేసే పద్ధతి వేరు, అది మంచిదే. 100 కిలోల ఎండు వరిగడ్డికి 4 కిలోల యూరియా, 50 లీటర్ల నీళ్లలో కరిగించి చల్లి, గాలి చొరకుండా 21 రోజులు కప్పి ఉంచాలి. పెట్టే ముందు గంటసేపు ఆరబెట్టాలి. ఆరు నెలల లోపు దూడలకు పెట్టకూడదు. చేలో మందు వేసేటప్పుడు యూరియా నీళ్ల బకెట్ మాత్రం గట్టు మీద వదలకండి. దాహంతో ఉన్న ఎద్దు తాగితే అరగంటలో వణుకు, పొట్ట ఉబ్బరం, నురగ. డాక్టర్ వచ్చేలోపు చల్లటి నీళ్లలో వెనిగర్ కలిపి మెల్లగా తాగించడం ఒక్కటే మన చేతిలో ఉన్న పని.

చెక్కలో కల్తీ ఇంకోటి. మన అడవి ప్రాంతంలో ఇప్ప చెక్క, కానుగ చెక్క, ఆముదపు చెక్క దొరుకుతాయి, ధర తక్కువ. ఇప్ప చెక్కను చెరువుల్లో చేపలు చంపడానికి వేస్తారు, దాని బలం అంత. ఆముదపు చెక్కలో రిసిన్ అనే విషం ఉంటుంది, అది ఇంకా ఘోరం. ఇవి పొలానికి ఎరువులు, నోటికి కాదు. మీరు కొన్న చెక్క నమలగానే చేదుగా, గొంతు పట్టేసినట్టు ఉందని రాశారు. అది రాసినందుకు సంతోషం, కానీ మళ్లీ నోట్లో పెట్టకండి.

ఇక దాణాతో సంబంధం లేకపోయినా మీకు రాబోయే కాలంలో ఎదురయ్యేవి రెండు మూడు ఉన్నాయి.

ఒకటి జొన్న నాము. జొన్న కోసిన మోళ్ల నుంచి వాన పడగానే లేత పిలకలు వస్తాయి. పశువు వాటి మీద ఎగబడుతుంది. వాటిలో సైనైడ్ తయారవుతుంది. వాన లేక గిడసబారిన లేత జొన్నలోనూ అంతే. ఒకసారి బేల వైపు నుంచి ఫోన్ వస్తే మోటార్‌సైకిల్ మీద ఇరవై నిమిషాల్లో వెళ్లాం. రెండు ఆవుల్లో ఒకటి అప్పటికే పోయింది. రెండోది పడిపోయి ఎగశ్వాస పెడుతోంది, రక్తం ఎర్రగా మెరుస్తోంది. డాక్టర్ గారు నరానికి మందు ఎక్కించాక పావుగంటలో లేచి నిలబడింది. ఆ రైతు భార్య ఆవు మెడ పట్టుకుని ఏడ్చింది. పచ్చి జొన్నను పూత దశ వచ్చాకే కోయండి. అంతకుముందు కోయాల్సి వస్తే ఎండబెట్టి పెట్టండి. అదే ఆయాసంలో రక్తం చాక్లెట్ రంగులో ఉంటే అది సైనైడ్ కాదు, నైట్రేట్. ఎరువు ఎక్కువ వేసిన గడ్డి వల్ల వస్తుంది, మందు వేరు. డాక్టర్‌కి ఫోన్‌లో రక్తం రంగు చెప్పగలిగితే సగం పని అయినట్టే.

రెండోది పత్తి చేను. 2017లో మీ యవత్మాల్ జిల్లాలోనే పత్తికి మందు కొడుతూ 20 మందికి పైగా రైతులు, కూలీలు చనిపోయారు. మనిషికే అంత జరిగితే, ఆ ఆకు నేరుగా తినే మేకకు, ఎద్దుకు ఎంత? చివరి మందు కొట్టి ఎన్నాళ్లయిందో తెలియని చేలో మేపకండి. రంగు పూసిన విత్తనాలు మిగిలితే దాణాలో కలపకండి, కడిగి కూడా. పురుగుమందు డబ్బాలో నీళ్లు పెట్టకండి. చొంగ కారుతూ, కళ్లలో నీళ్లు, వణుకు కనిపిస్తే అట్రోపిన్ ఇంజెక్షన్ వెంటనే పడాలి.

మూడోది పండుగ. పొలాల అమావాస్య నాడు ఎద్దులను కడిగి, కొమ్ములకు రంగులేసి, ఇంటింటికీ తిప్పుతాం. వెళ్లిన ప్రతి గడపలో పోలెలు పెడతారు. మరుసటి రోజు పొద్దున మా ఆసుపత్రి ముందు ఎద్దుల వరుస ఉండేది. బెల్లం, పప్పు, గోధుమ ఒకేసారి అంత పడితే పొట్టలో పులిసి, ఎద్దు కదలదు, నెమరు ఆగిపోతుంది. మర్యాదకు ఒక ముక్క నోట్లో పెట్టి, మిగతావి సంచిలో వేసుకోండి. పెళ్లిలో మిగిలిన అన్నం తెచ్చి బర్రె ముందు పోయడం కూడా ఇదే తప్పు.

ఇక మీ బర్రెలకు ఏం పెట్టాలో చెప్తాను. వంద కిలోల దాణాకు నేను కలిపే లెక్క ఇది: మక్కలు లేదా జొన్నల నూక 32, పత్తి చెక్క 28, కంది లేదా పెసర చున్ని (పప్పు పట్టేటప్పుడు మిగిలే పొట్టు, నూక) 15, తవుడు 12, సోయా చెక్క 10, మినరల్ మిక్చర్ 2, ఉప్పు 1. ప్రొటీన్ 17 శాతం చుట్టూ వస్తుంది. బర్రెకు ఒంటికి కిలో, కిలోన్నర, ఆపైన రెండు లీటర్ల పాలకు ఒక కిలో. ఎనిమిది లీటర్ల బర్రెకు ఐదు, ఐదున్నర కిలోలు, రెండు పూటలా పంచి. అందులో పత్తి చెక్క కిలోన్నర చుట్టూ ఉంటుంది. పచ్చగడ్డి, చొప్ప మామూలే. కొత్త దాణాకు ఒక్కసారిగా మారకండి, వారం పది రోజుల్లో మెల్లగా మార్చండి. ఇప్పుడు ఉన్న చెక్కను ఆపేటప్పుడు మాత్రం ఈ మాట వర్తించదు, దాన్ని ఒక్క దెబ్బతో ఆపేసి, నాలుగైదు రోజులు గడ్డి, చొప్ప, కొంచెం తవుడు, చున్నితో నడపండి. పాలు ఇంకా కొంచెం తగ్గుతాయి. టెన్షన్ పడకండి.

కొత్త చెక్క కొనేటప్పుడు ఇరవై రోజులకు సరిపడా మాత్రమే కొనండి. నేల మీద కర్రలు, వాటి మీద పలకలు వేసి, గోడకు జానెడు ఎడంగా పెట్టండి. ఎరువు సంచుల్లో దాణా పోయకండి.

ఇక ఆ పది సంచులు. రేపు పొద్దున నాలుగైదు సంచుల్లోంచి, పైనుంచి, మధ్యలోంచి, అడుగు నుంచి కొంచెం కొంచెం తీసి అర కిలో చేయండి. ప్లాస్టిక్ కవర్లో వద్దు, చెమ్మ పట్టి దారిలోనే బూజు పెరుగుతుంది. కాగితపు సంచిలో వేసి, కొన్న తేదీ రాసి, బిల్లు జత చేసి మీ పశు వైద్యశాలలో ఇవ్వండి, వాళ్లు ల్యాబ్‌కి పంపుతారు. రెండో దుడ్డెను కూడా అదే రోజు చూపించి, గుండె చప్పుడు వినమని ప్రత్యేకంగా అడగండి. పరీక్ష వచ్చేదాకా సంచులు పశువులకు, కోళ్లకు అందకుండా వేరే గదిలో పెట్టండి. బూజు అని తేలితే ఎవరికీ తిరిగి అమ్మకండి, సగం ధరకైనా సరే. ముక్కుకు గుడ్డ కట్టుకుని మోసుకెళ్లి పేడ గుంతలో లోతుగా వేసి మట్టి కప్పండి. రిపోర్టు వచ్చాక అంకెలు ఇక్కడే రాయండి, చూసి చెప్తాను.